పాట నేర్పేవాడికి నేర్పిందెవరు?

చర్చిలో పాట పాడించేవాడి చదువు గురించి ఒక సాహిత్య విమర్శ పత్రికలో వ్యాసం ఎందుకని కొందరు పాఠకులకు సందేహం రావచ్చు. మత సంగీతం మతంవాళ్ళ వ్యవహారమనీ, దాని శిక్షణ వాళ్ళ బళ్ళ వ్యవహారమనీ మనలో చాలామంది అనుకుంటాం. కాని ఒక కళారూపాన్ని అర్థం చేసుకోవాలంటే కళాకారుడి ప్రతిభ ఒక్కదాన్నే చూస్తే చాలదు. అతనికి ఎవరు నేర్పారు, ఎవరు కూడుపెట్టారు, ఎవరు పరీక్ష పెట్టి పాసు చేశారు, ఎవరు ఉద్యోగంలోంచి తీసేశారు అనేవి కూడా చూడాలి. కవి విషయంలో ఈ ప్రశ్నలు వేయడం మనకు అలవాటే. రాజాస్థానం, జమీందారు, అచ్చుయంత్రం, విశ్వవిద్యాలయం - వీటిని పట్టుకునే మన సాహిత్య చరిత్రను చెప్పుకుంటున్నాం. నలభై గొంతులను కూడగట్టి ఒక్క పాటగా పలికించే మనిషి విషయంలో మాత్రం ఈ ప్రశ్నలు వేయడం మరిచిపోతాం.

జర్మనీలో ఈ మనిషికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. అతన్ని కాంటోర్ అంటారు. ఆదివారం చర్చిలో గాయక బృందాన్ని నడిపేవాడూ, మిగతా రోజుల్లో బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాడూ అతనే. ఆ ఉద్యోగానికి కావలసిన శిక్షణ గురించి అక్కడ నాలుగు వందల ఏళ్ళుగా జరుగుతున్న పోరాటంలో మనం నేర్చుకోవలసింది ఉంది.

1

పదహారో శతాబ్దపు మత సంస్కరణోద్యమం ఈ ఉద్యోగానికి కొత్త రూపం ఇచ్చింది. అంతకుముందు ఆరాధనలో పాట ప్రధానంగా మతాధికారులది, శిక్షణ పొందిన గాయకులది. భాష లాటిన్. మార్టిన్ లూథర్ సామాన్య జనం తమ భాషలో పాడాలన్నాడు. పాడాలంటే ఎవరో ఒకరు నేర్పాలి. 1524లో జర్మన్ నగర పాలక మండళ్ళకు బళ్ళు పెట్టమని లూథర్ బహిరంగ లేఖ రాశాడు. యోహాన్ వాల్టర్ కూర్చిన బహుగాత్ర కీర్తనల పుస్తకం కూడా ఆ ఏడే వచ్చింది. రెండూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికం కావచ్చు గాని, రెంటికీ ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. బడి లేకుండా పాట లేదు.

ఇక్కడ ఆర్థిక విషయాన్ని మరిచిపోకూడదు. మఠాల ఆస్తులు రాజుల చేతుల్లోకీ నగరాల చేతుల్లోకీ పోయాయి. ఆ ఆస్తుల మీద బతికిన గాయక బృందాలు వీధిన పడ్డాయి. వాల్టర్ పనిచేసిన సాక్సనీ ఆస్థాన గాయక బృందాన్ని 1525లో పాత ప్రభువు చనిపోయాక కొత్త ప్రభువు రద్దు చేశాడు. ఉద్యోగం పోయిన వాల్టర్ టోర్గౌ పట్టణంలో బడిపిల్లలనూ పాడగలిగిన పౌరులనూ కూడగట్టి కొత్త బృందాన్ని నిర్మించాడు. మొదటి ప్రొటెస్టెంట్ కాంటోర్ అని చరిత్రకారులు అతన్నే అంటారు. అంటే ఈ ఉద్యోగం పుట్టడానికి మతావేశం ఎంత కారణమో, ప్రభువు జీతాలు ఎత్తివేయడం కూడా అంత కారణం.

ఈ బళ్ళలో చదివే పేదపిల్లలు వీధుల వెంట తిరిగి ఇళ్ళ ముందు పాడి రొట్టె, డబ్బు అడుక్కునేవాళ్ళు. లూథర్ కూడా చిన్నప్పుడు ఐజెనాక్ వీధుల్లో అట్లా పాడినవాడే. మన దగ్గర వారాలు చేసుకుని, మాధుకరం ఎత్తుకుని చదువుకున్నవాళ్ళ కథలు మనకు తెలుసు. తేడా ఏమిటంటే అక్కడ ఆ బిచ్చానికి పాట మూల్యం.

2

ఈ వ్యవస్థ లోపల ఎట్లా ఉండేదో చెప్పడానికి మనకు ఒక గొప్ప పత్రం దొరుకుతుంది. దాన్ని రాసినవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1723లో అతను లైప్జిగ్‌లోని సెయింట్ థామస్ బడి కాంటోర్‌గా చేరాడు. నగర మండలికి అతను మొదటి ఎంపిక కాదు. టెలిమన్‌ను అడిగారు. అతను హాంబర్గ్‌లో జీతం పెంచుకుని అక్కడే ఉండిపోయాడు. గ్రౌప్నర్‌ను అడిగారు. అతని ప్రభువు వదలలేదు. చివరికి బాఖ్ వచ్చాడు. మేయరు అనుమతి లేకుండా ఊరు దాటనని ఒప్పుకుని సంతకం పెట్టి మరీ వచ్చాడు. బడిలో అతని స్థానం మూడోది. ప్రధానోపాధ్యాయుడు, ఉప ప్రధానోపాధ్యాయుడు, తరవాత కాంటోర్. లాటిన్ పాఠం చెప్పే బాధ్యత కూడా అతనిదే. అది చెప్పలేక తన డబ్బు ఇచ్చి ఇంకొకరిని పెట్టుకున్నాడు.

1730 ఆగస్టు 23న బాఖ్ నగర మండలికి ఒక నివేదిక ఇచ్చాడు. చర్చి సంగీతం సక్రమంగా నడవాలంటే ఏమేం కావాలో అందులో లెక్కకట్టి చెప్పాడు. నాలుగు చర్చీలకు బడి పిల్లలే పాడాలి. మూడు చర్చీలకు బహుగాత్ర సంగీతం పాడగలిగిన బృందాలు కావాలి. ఒక్కొక్క బృందానికి కనీసం 12 మంది చొప్పున 36 మంది ఉండాలి. ఉన్న పిల్లల్ని అతను మూడు తరగతులు చేశాడు. పనికొచ్చేవాళ్ళు 17 మంది, ఇంకా తయారు కావలసినవాళ్ళు 20 మంది, అసలు పనికిరానివాళ్ళు 17 మంది. మొత్తం 54. బొత్తిగా సంగీతం రానివాళ్ళు నాలుగో చర్చికి పోతారు. వాద్యాలకు నగరం జీతమిచ్చేది ఒక శిష్యుడితో కలిపి ఎనిమిది మందికే. పై చదువు విద్యార్థులకు పూర్వం ఇచ్చే చిన్న చిన్న భత్యాలు ఆగిపోయాయి కనక వాళ్ళూ రావడం మానేశారని ఫిర్యాదు చేశాడు.

ఈ నివేదికలో భక్తి గురించి ఉపన్యాసం లేదు. మనుషులు, డబ్బు, అభ్యాసానికి తీరిక - ఇవే ఉన్నాయి. కళ ఆకాశం నుంచి ఊడిపడుతుందని నమ్మేవాళ్ళు ఈ నివేదికను ఒకసారి చూడాలి. పాషన్ సంగీతాన్ని రాసిన చేతులే ఈ కూడికలు వేశాయి. మండలి సమాధానం ఏమిటి? అదే నెల మొదట్లో జరిగిన సమావేశంలో సభ్యులు కాంటోర్ ఏ పనీ చేయడం లేదని తేల్చి, అతని పై రాబడి తగ్గించాలనుకున్నారు. అక్టోబరులో బాఖ్ ఒక పాత మిత్రుడికి ఉత్తరం రాస్తూ తన రాబడి సుమారు 700 థాలర్లనీ, ఎక్కువ భాగం పెళ్ళిళ్ళ వంటి వాటి మీదా చావుల మీదా ఆధారపడి ఉందనీ, క్రితం ఏడు ఊళ్ళో గాలి ఆరోగ్యంగా ఉండి చావులు తగ్గడంతో వంద థాలర్లకు పైగా నష్టపోయాననీ చెప్పుకున్నాడు. ఊళ్ళో మనుషులు చస్తే తప్ప ఇల్లు గడవని స్థితిలో యూరప్‌లోకెల్లా గొప్ప స్వరకర్త ఉన్నాడు.

అప్పట్లో గాయక బృంద నాయకుడికి ప్రత్యేకమైన శిక్షణాలయం లేదు. బడిలోని పెద్దపిల్లల్ని ప్రిఫెక్టులుగా నియమించి చిన్న బృందాల్ని వాళ్ళకు అప్పజెప్పేవారు. అదే శిక్షణ. చేస్తూ నేర్చుకోవడం, గురువు చూస్తూ దిద్దడం. ఈ ప్రిఫెక్టును నియమించే అధికారం ఎవరిదన్న దాని మీద 1736లో బాఖ్‌కూ, కొత్త ప్రధానోపాధ్యాయుడు ఎర్నెస్టికీ పెద్ద తగాదా వచ్చింది. చాలామంది జీవిత చరిత్రకారులు దీన్ని ఇద్దరి అహంకారాల తగాదాగా చెప్పారు. అది సగం నిజమే. ఎర్నెస్టి జ్ఞానోదయ యుగం మనిషి. బడి అంటే శాస్త్రాలూ ప్రాచీన భాషలూ చదివే చోటు గాని, చావు ఊరేగింపుల్లో పాడే పిల్లల్ని తయారుచేసే చోటు కాదని అతని తరం అభిప్రాయం. ఆ అభిప్రాయం చారిత్రకంగా ప్రగతిశీలమైందే. కాని దాని దెబ్బ తగిలింది సంగీత శిక్షణకు. ఒక ప్రగతి మరొక సంపదను కాలరాచే సందర్భాలు చరిత్రలో ఉంటాయి. వాటిని దాచిపెట్టి చరిత్ర రాయకూడదు.

3

బడి చేయి వదిలేసిన ఆ శిక్షణను తరవాత ఎవరు ఎత్తుకున్నారు? మొదట పట్టణ మధ్యతరగతి, ఆ తరవాత రాజ్యం. ఈ రెండు దశలూ ఒకే మనిషి జీవితంలో కనిపిస్తాయి. అతని పేరు కార్ల్ ఫ్రీడ్రిక్ ట్సెల్టర్. పుట్టింది 1758లో, బెర్లిన్‌లో. వృత్తి తాపీపని. తండ్రి పని నేర్చుకుని మేస్త్రీ అయ్యాడు. సంగీతం పక్కన నేర్చుకున్నాడు. 1791లో మొదలైన బెర్లిన్ గాన అకాడమీకి 1800 నుంచి అతను నాయకుడు. ఆ అకాడమీలో పాడింది బడిపిల్లలు కారు, పట్టణపు స్త్రీ పురుషులు. చర్చిలో మగపిల్లలు పాడిన పైస్థాయి గొంతులను ఇక్కడ స్త్రీలు పాడారు. 1829లో ట్సెల్టర్ శిష్యుడు, ఇరవై ఏళ్ళ మెండెల్సన్, బాఖ్ మత్తయి పాషన్‌ను తిరిగి వినిపించింది ఈ అకాడమీతోనే. అది చర్చిలో కాదు, టిక్కెట్టు కొని వచ్చే హాలులో.

నెపోలియన్ చేతిలో 1806లో ఓడిపోయాక ప్రష్యా రాజ్యం తనను తాను సంస్కరించుకోవలసి వచ్చింది. సంగీతం కూడా ప్రజల్ని తీర్చిదిద్దే సాధనమనీ, దాని బాధ్యత రాజ్యం తీసుకోవాలనీ ట్సెల్టర్ ప్రభుత్వానికి విజ్ఞప్తులు పంపాడు. చివరికి 1822లో బెర్లిన్‌లో చర్చి సంగీత శిక్షణ సంస్థ వెలిసింది. ఆర్గన్ వాయించేవాళ్ళనూ, కాంటోర్లనూ, బళ్ళలో పాట నేర్పేవాళ్ళనూ తయారుచేయడం దాని పని. గాయక బృంద నాయకత్వం ఈ విధంగా ప్రభుత్వ శిక్షణ, పరీక్ష, పట్టా గల వృత్తి అయింది. గురువు పక్కన నిలబడి నేర్చుకునే కాలం పోయి పాఠ్య ప్రణాళిక కాలం వచ్చింది.

అయితే ఆ సంస్థ గడప తొక్కినవాళ్ళు కొద్దిమందే. పల్లెలో పరిస్థితి వేరు. ప్రష్యా పల్లెటూరి పంతులు బడిలో అక్షరాలు నేర్పాలి, చర్చిలో ఆర్గన్ వాయించాలి, గంట కొట్టాలి. అతని పైన పాస్టరు అధికారి. పంతుళ్ళు తమ విముక్తి కోసం పోరాడినప్పుడు చర్చి పనుల నుంచి విడుదల కోరడంలో వింత లేదు. పట్టణంలో కళగా గౌరవం పొందిన పని పల్లెలో వెట్టి అయింది. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్ప శిక్షణ చరిత్ర పూర్తి కాదు.

4

1918లో జర్మనీలో రాజరికం కూలింది. 1919 రాజ్యాంగం రాజ్యానికి అధికార చర్చి లేదని ప్రకటించింది. ఆ పరిస్థితుల్లో ప్రష్యా విద్యామంత్రిత్వ శాఖలో సంగీత వ్యవహారాలు లియో కెస్టెన్‌బర్గ్ చేతికి వచ్చాయి. అతను పియానో విద్వాంసుడు, బుసోని శిష్యుడు, యూదుడు, సోషలిస్టు. యుద్ధానికి ముందు బెర్లిన్ కార్మికులకు కచేరీలు ఏర్పాటు చేసినవాడు. చర్చి సంగీతకారుల శిక్షణను ఆధునికంగా తీర్చిదిద్దే బాధ్యత యూదుడైన ఒక సోషలిస్టుకు రావడం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి.

1921లో కెస్టెన్‌బర్గ్ సంగీత విద్య మీద ఒక పుస్తకం ప్రచురించాడు. శిశువుల బడి నుంచి ఉన్నత విద్యాలయం దాకా సంగీత విద్య ఒక్క గొలుసుగా ఉండాలన్నది అతని వాదం. 1922లో ట్సెల్టర్ నాటి పాత సంస్థ చర్చి, బడి సంగీతాల అకాడమీగా మారింది. ఉన్నత పాఠశాలల్లో సంగీతం చెప్పేవాళ్ళకు ఆ ఏడే కొత్త పరీక్షా నిబంధనలు వచ్చాయి. అంతదాకా పాట మేస్టరంటే బడిలో అందరికన్నా చులకన. ఇకమీద అతను కళాకారుడూ, చదువుకున్నవాడూ, బోధకుడూ కావాలి, మిగతా సబ్జెక్టుల ఉపాధ్యాయులతో సమానం కావాలి. బాఖ్‌ను బడిలో మూడో కుర్చీలో కూర్చోబెట్టిన చరిత్రకు ఇది రెండు వందల ఏళ్ళ తరవాత వచ్చిన జవాబు. షోన్‌బర్గ్, హిండెమిత్ వంటి స్వరకర్తలు బెర్లిన్‌కు బోధకులుగా రావడంలో కూడా కెస్టెన్‌బర్గ్ పాత్ర ఉంది.

అతని పరిమితుల్ని కూడా మనం చెప్పుకోవాలి. సంస్కరణలన్నీ పైనుంచి ఉత్తర్వుల రూపంలో వచ్చాయి. అదే కాలంలో కింద లక్షలాది సభ్యులతో కార్మిక గాయక సంఘాలు పెరుగుతున్నాయి. వాటిని నడిపేవాళ్ళు తరచుగా మధ్యతరగతి శిక్షణ పొంది వచ్చినవాళ్ళే. కార్మికులు బూర్జువా కచేరీని అనుకరించడమే లక్ష్యమా, లేక తమ పోరాటానికి తగిన కొత్త రూపాలు కావాలా అని హాన్స్ ఐస్లర్ వాళ్ళను నిలదీశాడు. 1930 డిసెంబరులో బ్రెష్ట్, ఐస్లర్ రాసిన గాన నాటకాన్ని బెర్లిన్ కార్మిక గాయకులు ప్రదర్శించారు. విషయం విప్లవం. రూపం మాత్రం బాఖ్ పాషన్ నుంచి, ఒరటోరియో సంప్రదాయం నుంచి తెచ్చుకున్నది. ఆ బృందాన్ని నడిపింది షోన్‌బర్గ్ శిష్యుడు కార్ల్ రాంకల్. అప్పుడు అతని ఉద్యోగం ప్రభుత్వానికి చెందిన క్రోల్ ఒపెరాలో గాయక బృంద నాయకత్వం. చర్చి పెంచిన రూపం, రాజ్యం ఇచ్చిన ఉద్యోగం, కార్మికుల గొంతు - మూడూ ఒక్క వేదిక మీద కలిశాయి. ఇటువంటి కలయికలు అరుదు, అవి ఎక్కువ కాలం నిలవవు.

5

నిలవలేదు. 1932లోనే కెస్టెన్‌బర్గ్‌ను పదవి నుంచి తప్పించారు. 1933లో హిట్లర్ వచ్చాక అతను ప్రాగ్‌కు పారిపోయాడు. షోన్‌బర్గ్, ఐస్లర్, బ్రెష్ట్ దేశం విడిచారు. కార్మిక గాయక సంఘాలను రద్దు చేశారు. అకాడమీ మాత్రం రద్దు కాలేదు. దాని పేరు మార్చారు. చర్చికీ బడికీ పాట నాయకుల్ని తయారుచేసిన ఆ సంస్థలోనే 1930ల్లో హిట్లర్ యువజన సంఘం పాట నాయకులకు కూడా శిక్షణ ఇచ్చారు.

ఈ వాస్తవం దగ్గర మనం ఆగి ఆలోచించాలి. నలభై మందిని ఒకే ఊపిరితో పాడించడం నేర్చినవాడు ఏ పాటనైనా పాడించగలడు. శిక్షణ దానంతటది మనిషిని ఏ పక్షానా నిలబెట్టదు. చర్చి సంగీతకారుల్లో కొందరు కొత్త ప్రభుత్వాన్ని ఆహ్వానించారు. హ్యూగో డిస్ట్లర్ వంటి సున్నితమైన స్వరకర్త 1933 మే నెలలో నాజీ పార్టీలో చేరాడు. 1940లో బెర్లిన్‌లో అధ్యాపకుడయ్యాడు. యుద్ధం, సైన్యంలోకి పిలుపు వస్తుందన్న భయం, తన సంగీతానికి చోటు కుంచించుకుపోవడం - వీటి మధ్య 1942 నవంబరు 1న, 34 ఏళ్ళకే ఆత్మహత్య చేసుకున్నాడు. అతన్ని వీరుణ్ణి చేయనక్కరలేదు, ద్రోహి అని కొట్టిపారేయనూ అక్కరలేదు. పాట తప్ప మరే విషయంలోనూ ప్రశ్న వేయడం నేర్పని శిక్షణ ఎక్కడికి చేరుస్తుందో అతని జీవితంలో కనపడుతుంది.

కెస్టెన్‌బర్గ్ మాత్రం పని మానలేదు. 1936లో ప్రాగ్‌లో సంగీత విద్య మీద అంతర్జాతీయ మహాసభ జరిపించాడు. 1938లో మళ్ళీ పారిపోయి టెల్ అవీవ్ చేరాడు. 1945లో అక్కడ సంగీత ఉపాధ్యాయుల శిక్షణాలయం పెట్టాడు. 1962లో అక్కడే చనిపోయాడు.

6

పై కథ విని, శిక్షణ అంటే పాలకుల చేతి పనిముట్టు మాత్రమేనని తేల్చేస్తే తప్పు చేసినవాళ్ళం అవుతాం. దీనికి ఎదురు సాక్ష్యం దక్షిణాఫ్రికాలో ఉంది. ఇంగ్లండులో శారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని సామాన్యులు సులభంగా పాట చదువుకునే అక్షర స్వరలిపిని తయారుచేసింది. జాన్ కర్వెన్ అనే పాస్టరు దాన్ని 1840ల నుంచి సవరించి ప్రచారం చేశాడు. పియానో కొనలేని కార్మికులు, ఆదివారపు బళ్ళ పిల్లలు దానితో నాలుగు గొంతుల పాట నేర్చారు. మిషనరీలు ఆ పద్ధతిని ఆఫ్రికాకు తీసుకుపోయారు. వాళ్ళ ఉద్దేశం వినయవిధేయతలు గల విశ్వాసుల్ని తయారుచేయడమే. జొహానెస్‌బర్గ్ దగ్గర ఒక మెథడిస్టు మిషన్ బడిలో పంతులు, గాయక బృంద నాయకుడు అయిన ఈనాక్ సొంటోంగా 1897లో ఆ చదువుతోనే తన బడిపిల్లల కోసం ఒక ప్రార్థనా గీతం కట్టాడు. 1912లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఆవిర్భావ సభలో ఆ పాట పాడారు. అణచివేత కాలమంతా అది ఊరేగింపుల్లో, సమాధుల దగ్గర మోగింది. 1994 తరవాత జాతీయ గీతంలో భాగమైంది. 1905లో చనిపోయిన ఆ బడిపంతులు ఇదేదీ చూడలేదు.

ఈ పంతులు మనకు కొత్తవాడు కాదు. జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ల తరఫున వచ్చిన హేయర్ 1842లో గుంటూరులో దిగాడు. తరవాతి దశాబ్దాల్లో మిషన్లు మాల, మాదిగ పల్లెల్లో బళ్ళు పెట్టాయి. వారంలో అక్షరాలు దిద్దించిన పంతులే ఆదివారం కీర్తన ఎత్తుకున్నాడు. పేరు కాంటోర్ కాదు గాని పని అదే. పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన తెలుగు క్రైస్తవ కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. సభలో కూర్చుని సంగీతం వినడానికే అర్హత లేదన్న మనుషులు ఆ రాగాల్లో, ఆ తాళాల్లో గొంతెత్తి పాడారు. మన సంగీత చరిత్రకారులు త్యాగరాజు శిష్య పరంపరను తరతరాలుగా లెక్కపెట్టారు. ఈ పంతుళ్ళ పరంపర మాత్రం వాళ్ళ లెక్కలోకి రాలేదు. వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రాగాన్ని ఎట్లా గుర్తుపెట్టుకున్నారు, బుడ్డి దీపం ముందు వందమందికి ఎట్లా నేర్పారు అన్నది పరిశోధించవలసిన విషయం. సాహిత్య విద్యార్థులు పూనుకుంటే ఇప్పటికీ కొంత దొరుకుతుంది.

ప్రజా ఉద్యమాలకు కూడా ఈ ప్రశ్న తగులుతుంది. 1943లో పుట్టిన ప్రజా నాట్యమండలి పాట, బుర్రకథ జనంలోకి పోయాయంటే ఆవేశం ఒక్కటే కారణం కాదు. నాజర్ కర్ణాటక సంగీతం కష్టపడి నేర్చుకున్నవాడు. ఆ నేర్చుకున్నదాన్ని జనం బాణీలో ఎట్లా కలపాలో తెలిసినవాడు. మనం పాట రాసినవాణ్ణి గుర్తుపెట్టుకుంటాం, పాడినవాణ్ణి కొంత గుర్తుపెట్టుకుంటాం. దళానికి శ్రుతి, లయ నేర్పి నిలబెట్టినవాణ్ణి దాదాపు మరిచిపోతాం. మరుసటి తరానికి నేర్పే ఏర్పాటు లేనప్పుడు ఎంత గొప్ప బాణీ అయినా ఆ మనిషితోనే పోతుంది.

బాఖ్ 1730లో అడిగినవి మూడే. నేర్చుకోగలిగినవాళ్ళు కావాలి, వాళ్ళకు తిండి కావాలి, అభ్యాసానికి తీరిక కావాలి. ఈ మూడూ లేకుండా సామూహిక గానం సాధ్యం కాదు. నాలుగో ప్రశ్న అతను అడగలేదు, అతని కాలం అడగనివ్వలేదు. ఈ గొంతులన్నీ కలిసి ఎవరి పక్షాన పాడుతున్నాయి అన్నది ఆ ప్రశ్న. బెర్లిన్ అకాడమీ మొదటి మూడింటికీ చక్కని జవాబు చెప్పి, నాలుగోదాన్ని మంత్రిత్వ శాఖకు వదిలేసింది. 1933లో మంత్రిత్వ శాఖ మారింది. మన వైపు చాలాసార్లు నాలుగోదానికి గట్టిగా జవాబు చెప్పి మొదటి మూడింటినీ వదిలేస్తున్నాం. రెండు పొరపాట్లకూ మూల్యం చెల్లించేది పాడేవాళ్ళే. కనక మన శిక్షణా తరగతుల్లో సిద్ధాంత పాఠం పక్కన స్వరపాఠానికి కూడా చోటివ్వాలి. ఆ స్వరపాఠం చెప్పేవాడికి మూడో కుర్చీ వేయకూడదు.